కిటికీ దగ్గరా, గట్టు మీదా, పంటులోనా: గోదావరి డెల్టాను ఎక్కడి నుంచి చూడాలి

మా మేనకోడలు మొన్న ఫోన్ చేసింది. "అత్తా, సంక్రాంతికి రెండు రోజులు ముందే వస్తున్నాం. కొత్త ఫోన్ కొన్నాను, కెమెరా అదిరిపోయింది. మన వైపు ఏ ప్లేస్‌కి వెళ్తే ఫొటోలు బాగా వస్తాయి?" అని అడిగింది. ప్లేస్ సంగతి ఆఖర్న చెప్తాను, ముందు పొద్దున్న ఎన్నింటికి లేస్తావో, ఎంత ఎత్తులో నిలబడతావో చెప్పు అన్నాను. ఎత్తు అనేసరికి దానికి అర్థం కాలేదు. అందుకే ఇదంతా దాని కోసం, దానిలాగే అడిగే మిగతా వాళ్ల కోసం రాస్తున్నాను.

మన డెల్టా అంతా చదును నేల. ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా చెప్పుకోదగ్గ గుట్ట లేదు. అరకులో అయితే వ్యూ పాయింట్ దగ్గర కారు ఆపి లోయలోకి చూస్తాం. ఇక్కడ రోడ్డు మీద నిలబడితే కనపడేది నాలుగు కొబ్బరి చెట్లు, ఒక అరటి తోట, అంతే. అవతల ఏముందో తెలియదు. అదే ఏటిగట్టు ఎక్కండి. మహా అయితే రెండు నిలువుల ఎత్తు. ఆ కాస్త ఎత్తుకే ఇటు ఊరి పెంకుటిళ్లు, అటు లంక (నది మధ్య దిబ్బ) పొలాలు, వాటి వెనక నది, అన్నీ ఒక్కసారి కనపడతాయి. డాబా ఎక్కితే కొబ్బరి మట్టలు కంటికి సమానంగా వస్తాయి. పంటు, అంటే మనుషుల్నీ బైకుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే కళ్లు నీళ్లకి దగ్గరై, అవతలి ఒడ్డు సన్నటి గీతలా మారిపోతుంది. ఇక్కడ ఊరు ఎంచుకునే ముందు ఈ ఎత్తు ఎంచుకోవాలి. రెండోది వెలుగు. ఈ రెండూ కుదిరితే మా వీధి చివర పంట బోదె కూడా బావుంటుంది.

రైలా, కారా

విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఇప్పుడు కారులోనే వస్తున్నారు. చూడటం కోసం అయితే నా ఓటు రైలుకే. హైవే మీద కారు కిటికీలోంచి కనపడేది లారీలు, డివైడర్ మీద మొక్కలు. రావులపాలెం దగ్గర గౌతమి (గోదావరి పాయ) వంతెన లాంటివి దాటేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం నది కనపడుతుంది, అక్కడేమో కారు ఆపకూడదు. ఆపి దిగి ఫొటోలు తీసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. వెనక వచ్చే లారీవాడికి మీరు కనపడరు.

రైల్లో కూడా రెండు దార్లు ఉన్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా వెళ్లే మెయిన్ లైనులో అసలు ఘట్టం చివర్న వచ్చే రాజమండ్రి వంతెన. కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా వెళ్లే లైను నిడదవోలు దగ్గర ఆ మెయిన్ లైనులోనే కలుస్తుంది కానీ అక్కడిదాకా దారంతా నీళ్లే. కొల్లేరు అంచు, చేపల చెరువులు, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు, గట్ల మీద వరసగా కొంగలు. భీమవరం దాటి అత్తిలి, తణుకు వైపు తిరిగాక వరి చేలు. తీరిక ఉన్నవాళ్లకి నేను రెండో దారే చెప్తాను. మొదటిసారి వచ్చేవాళ్లయితే ఏ దారిలో వచ్చినా రాజమండ్రి దాకా రండి, గోదావరి వంతెన మీద రైలు చప్పుడు మారడం ఒక్కసారైనా వినాలి.

పొద్దున్న రైల్లో రాజమండ్రి వైపు వస్తుంటే ఎండ కుడి చేతి వైపు ఉంటుంది. పచ్చదనం పచ్చగా రావాలంటే ఎడమ వైపు కూర్చోండి, వెలుగు మీ వెనక నుంచి పడుతుంది. మంచులో తాటిచెట్లు నల్లటి నీడల్లా కావాలంటే కుడి వైపు. ఏసీ బోగీ అద్దం రెండు పొరలుగా, మసకగా ఉంటుంది, దుమ్ము సరేసరి. తప్పదంటే ఫోన్ లెన్స్‌ని అద్దానికి ఆనించి, చుట్టూ చున్నీయో తువ్వాలో కప్పితే లోపలి లైట్ల ప్రతిబింబం పోతుంది. స్లీపర్‌లో, జనరల్‌లో కిటికీ పైకెత్తొచ్చు, ఊచల మధ్య నుంచి తీయొచ్చు. ఒక్కో బోగీలో ఎర్ర రంగు ఎమర్జెన్సీ కిటికీ ఉంటుంది చూశారా, దాని పక్కన సీటు దొరికితే చాలా మంచిది. తలుపు దగ్గర మెట్ల మీద వేలాడుతూ మాత్రం వద్దు. అది నేరం కూడా.

కదిలే రైల్లో దగ్గరవి ఎప్పుడూ చెదిరిపోతాయి, దూరానివి నిలుస్తాయి. చేలో పనిచేసే మనిషి కంటే ఆ చేను చివర ఉన్న కొబ్బరి వరసను గురి పెట్టండి. ఫోన్లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతుకి పెట్టుకోండి. లేకపోతే బటన్ నొక్కి పట్టుకుని వరసగా ఇరవై తీసి, పందొమ్మిది తీసేయండి.

వంతెన మీద ఒక సంగతి. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెనలో రైలు కింద వెళ్తుంది, రోడ్డు పైన ఉంటుంది. కాబట్టి కిటికీకి ఇనప దూలాలు అడ్డం వస్తూనే ఉంటాయి. 1997లో వచ్చిన ఆర్చి వంతెన మీద అయితే కొంచెం తెరిపి. ఏ వంతెన మీదుగా వెళ్తున్నా, కొవ్వూరు దాటగానే ఒకసారి కెమెరాని లోపలికి తిప్పండి. మా వైపు పెద్దవాళ్లు గోదావరి రాగానే లేచి నిలబడి దణ్ణం పెట్టుకుని, రూపాయి బిళ్ల నీళ్లలో వేస్తారు. ఊచల మధ్య నుంచి బయటికి చాచిన ఆ చెయ్యి, వేళ్ల చివర బిళ్ల, వెనక నీళ్లు. నా దగ్గరున్న రైలు ఫొటోల్లో దాచుకోదగ్గది అదొక్కటే. అడిగి తీశాను. ఆవిడ ఇంకో రూపాయి వెతికి మళ్లీ వేసి చూపించారు.

రాజమండ్రి ఘాట్లా, బ్యారేజీయా, అంతర్వేదా

నది ఏ వైపు ఉందో చూసుకుంటే సగం పని అయిపోతుంది. రాజమండ్రి తూర్పు ఒడ్డున, కొవ్వూరు పడమటి ఒడ్డున ఉన్నాయి. అంటే సాయంత్రం సూర్యుడు నదిలోకి దిగడం చూడాలంటే రాజమండ్రి పుష్కర ఘాట్ మంచిది. నది మీద పొద్దు పొడవడం చూడాలంటే కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు వెళ్లాలి. పొద్దున్నే పుష్కర ఘాట్‌కి వెళ్లి సూర్యుడు ఏడీ అని వెతుక్కునేవాళ్లు నాకు ఎప్పుడూ కనపడతారు. ఆర్చి వంతెన మీద రైలు వెళ్తుండగా తీయాలంటే కూడా సాయంత్రమే బావుంటుంది, కమాన్లు నల్లగా, వెనక ఆకాశం కాషాయంగా. ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుని వెలుగు కొంచెం తగ్గించండి, లేకపోతే రంగంతా తెల్లబడుతుంది. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజులూ జనాన్ని చూడ్డానికి రండి. నదిని చూడ్డానికి అయితే ఆ తర్వాత ఒక నెల ఆగి రండి.

ధవళేశ్వరం బ్యారేజీ వేరే రకం. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత కట్టింది. ఇది అందం కంటే బలం చూపించే చోటు. ఎండాకాలంలో వెళ్తే ఇసుక, కాంక్రీటు, గేట్లు, అంతే, నిజంగా నిరాశపడతారు. జులై నుంచి సెప్టెంబర్ మధ్య ఎర్రనీళ్లు వచ్చాక వెళ్లండి. గేట్లలోంచి దూకే నీళ్ల హోరు గుండెల్లో తెలుస్తుంది. నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక దాకా వెళ్లిందంటే లంకల్లో రోడ్లు మునుగుతుంటాయి. అప్పుడు ఫొటోల కోసం వచ్చి దారికి అడ్డం నిలబడకండి. పశువుల్ని, బియ్యం బస్తాల్ని గట్టు మీదికి చేర్చుకునేవాళ్లకి ఆ రోడ్డే ఆధారం.

అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలుస్తుంది. ఈ ఊరు వశిష్టకి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి సాయంత్రం పొద్దు నది మీద వాలుతుంది. తీరం దక్షిణానికి తిరిగి ఉంటుంది గనక చలికాలం పొద్దున్న సూర్యుడు సముద్రం వైపు నుంచే లేస్తాడు. అంటే ఒక్క రాత్రి ఉంటే రెండూ దొరుకుతాయి. నదీ, సముద్రం కలిసే అన్నా చెల్లెళ్ల గట్టు దగ్గర రెండు నీళ్ల రంగు తేడా వర్షాకాలం చివర్లో స్పష్టంగా తెలుస్తుంది, ఇటు ఎరుపు, అటు ఆకుపచ్చ. మాఘమాసంలో అక్కడి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం రోజుల్లో మాత్రం కెమెరా తీయడానికి చెయ్యి కదపలేరు. ఈ మూడింట్లో ఒకటే కుదురుతుందంటే, పిల్లలతో వచ్చేవాళ్లకి రాజమండ్రి, ఒంటరిగా లేదా ఇద్దరు వస్తే అంతర్వేది అంటాను.

నీళ్ల మీద: పంటు, హౌస్‌బోటు, లాంచీ

ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. పంటే నాకిష్టం. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంట్లు నడుస్తాయి. టూరిస్టుల కోసం కాదు, మన ఊళ్ల జనం కోసం. అందుకే అవి బావుంటాయి. బైకులు ముందు ఎక్కుతాయి, వాటి మధ్య సందుల్లో మనుషులు సర్దుకుంటారు. ఒకతను కోళ్లగంప దించి దాని మీద తుండుగుడ్డ పరుస్తాడు. కాలేజీ పిల్లలు అవతలి రేవు వచ్చేదాకా ఒక్క మాట ఆపరు. రేవు వదిలాక ఒక అర నిమిషం ఒడ్డు మీది గోల వినపడుతూ ఉంటుంది, తర్వాత ఇంజను చప్పుడొక్కటే. నది మధ్యకి వచ్చాక గాలి మారుతుంది, ఒక్కసారి చల్లబడుతుంది. పోయిన ఏడాది నేను పొగ గొట్టం పక్కన నిలబడి తీస్తుంటే పంటు నడిపే పెద్దాయన పిలిచి, "ఆయ్, అక్కడ పొగొచ్చేత్తాదండి, ఇటు ముందు మూలకి రండి" అని చోటు చూపించారు. ఆ ముందు మూల గుర్తు పెట్టుకోండి. ఇంకోటి, రెయిలింగ్ మీద ఫోన్ ఆనించకండి, ఇంజను అదురుకి ప్రతి ఫొటో చెదురుతుంది. మోచేతులు ఒంటికి ఆనించి చేతుల్తోనే పట్టుకోండి.

సాయంత్రం సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు వెళ్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. పొద్దున్న అయితే నరసాపురంలో ఎక్కండి. నీళ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో పంటు ఆపేస్తారు, అడిగి బయల్దేరండి.

దిండి హౌస్‌బోటు సుఖం. మంచం, భోజనం, ఏసీ అన్నీ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వస్తే అదే సరైనది, పంటులో వాళ్లని నిలబెట్టకండి. కానీ చూసే మనుషులు తక్కువ, నీళ్లూ కొబ్బరి చెట్లే ఎక్కువ. మూడో గంటకి నాకైతే ఫొటోలన్నీ ఒకేలా అనిపించాయి. పాపికొండల లాంచీ గురించి కూడా అడుగుతారు. అది డెల్టా కాదు, ఎగువన కొండల మధ్య ప్రయాణం, రోజంతా పడుతుంది. మీకు కొండలు కావాలంటే వెళ్లండి, చాలా బావుంటుంది, వరదల్లో మాత్రం నడపరు. కోనసీమ చూశామనిపించాలంటే అది లెక్కలోకి రాదు.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడుస్తూ చూడొచ్చు. పోటు మీద వెళ్తే నీళ్లు నిండుగా ఉంటాయి. పాటు మీద వెళ్తే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు, పీతలు కనపడతాయి. నేను పాటుకే వెళ్తాను. దగ్గరి నుంచి తీయడానికి అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

గది కిటికీ, మన ఇంటి కిటికీ

గది బుక్ చేసేటప్పుడు "రివర్ వ్యూ" అన్న మాట చూసి డబ్బు కట్టకండి. నేను ఒకసారి అలా కట్టాను. కింది అంతస్తు ఇచ్చారు. కిటికీ తెరిస్తే జామచెట్టు, గోడ, గోడ అవతల ఎక్కడో నది. అడిగితే గోడ అవతల ఉన్నది నదే కదా అన్నారు. అప్పట్నుంచి మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఎన్నో అంతస్తు, కిటికీ ఏ దిక్కుకి, మంచం మీద కూర్చుంటే నీళ్లు కనపడతాయా. మూడోదానికి నీళ్లు నమిలితే వేరే చోటు చూసుకోండి. వశిష్టకి మన వైపు, అంటే కోనసీమ ఒడ్డున ఉన్న గదికి పడమటి కిటికీ ఉంటే సాయంత్రాలు మీవి.

చుట్టాల ఇల్లు ఉండగా గది ఎందుకు అని నా ప్రశ్న. మా ఇంటి మేడ మీద ఉత్తరపు కిటికీ లోంచి కాలువ కనపడుతుంది. పొద్దున్న ఆరున్నరకి మంచు ఇంకా నీళ్ల మీదే ఉంటుంది. ఎదురింటాయన గేదెను దించి వీపు రుద్దుతుంటే ఆ నీటి ముడతలు మెల్లగా ఇవతలి గట్టు దాకా వస్తాయి. లాకుల వైపు నుంచి ఒక నీలం రంగు లకుముకి పిట్ట రోజూ అదే కర్ర మీద వాలుతుంది. ఏడేళ్లుగా ఆ కిటికీ దగ్గర కాఫీ తాగుతున్నాను, రెండు రోజులు ఒకేలా లేవు. అందుకే చెప్తున్నాను, నాలుగు ఊళ్లు పరిగెత్తడం కంటే ఒక్క కిటికీ దగ్గర రెండు పొద్దులు కూర్చోండి.

కిటికీ లోంచి తీసేటప్పుడు దోమల మెష్ తీసేయండి, లేకపోతే ఫోన్ మెష్‌నే చూస్తుంది. గదిలో లైటు ఆర్పండి. కిటికీ చెక్కా, ఊచలూ ఫొటోలో ఉండనివ్వండి, లోపలి చీకటి పక్కన బయటి పచ్చదనం ఇంకా బాగా కనపడుతుంది.

పెరడా, కడియమా

పూల కోసమైతే డిసెంబర్, జనవరిల్లో కడియపులంక నర్సరీలకి వెళ్లండి. బంతి, చామంతి, డాలియా ఎకరాల లెక్కన పూసి ఉంటాయి. పైన గ్రీన్ నెట్ కట్టిన చోట మనుషుల్ని తీయకండి, మొహాలు ఆకుపచ్చగా వస్తాయి. నెట్ బయట, ఎండ ఇంకా వాలుగా ఉన్నప్పుడు తీయండి. యజమానిని అడిగి లోపలికి వెళ్లండి, అది వాళ్ల వ్యాపారం. పాలిథిన్ కవర్లలో వరసగా పెట్టిన మొక్కల్ని తొక్కితే వాళ్లకి నష్టం.

మందార రేకు మీద మంచు బొట్టు లాంటివి కావాలంటే పెరడే చాలు.

ఎప్పుడు రావాలి

కాలువలో కొబ్బరి చెట్ల ప్రతిబింబం కావాలని మే నెలలో వచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఏప్రిల్ నెలాఖరుకి దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా అడుగున బురదే. లేత పచ్చదనం కావాలంటే సార్వా (మొదటి పంట) ఊడ్పుల రోజులు, జులై, ఆగస్టు. బంగారు రంగు చేలకి నవంబర్. మంచుకి డిసెంబర్, జనవరి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్ని భుజాల మీద మోస్తూ చేల మీదుగా, కౌశిక కాలువ దాటించి తీసుకొస్తారు. ఏడాదిలో ఒక్క రోజే ఎంచుకోమంటే నేను ఆ రోజే ఎంచుకుంటాను. ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్లని మాత్రం అడగకుండా తీయకండి. నడుము వంచి పొద్దుటి నుంచీ పనిచేసేవాళ్లు, మీరు గట్టు మీద నిలబడి గురి పెడుతుంటే ఇబ్బంది పడతారు.

మన గాలిలో తడి ఎక్కువ. మంచు ఉన్న ఒక పొద్దున్న నేను ఏసీ కారులోంచి దిగిన వెంటనే కాలువను తీస్తే ప్రతి ఫొటో పాలు పోసినట్టు తెల్లగా వచ్చింది. లెన్స్ మీద ఆవిరి. తుడిచినా మళ్లీ పట్టింది. మంచు కరిగిపోయాక గానీ లెన్స్ తేరుకోలేదు, ఆ పొద్దు అలా పోయింది. అందుకని చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించుకోండి. కెమెరా కొనాలా అని అడిగితే, నీటి పిట్టల కోసమైతే జూమ్ లెన్స్ ఉన్న కెమెరా కావాలి, మిగతా అన్నింటికీ ఫోన్ సరిపోతుంది.

మా మేనకోడలికి చివరికి ఇలా చెప్పాను. మొదటి రోజు పొద్దున్న ఎక్కడికీ వద్దు, మేడ మీద కిటికీ. మధ్యాహ్నం తిని పడుకో, ఆ ఎండలో ఏ ఫొటో రాదు. నాలుగింటికి బయల్దేరి సఖినేటిపల్లి రేవుకి వెళ్దాం. జనవరిలో ఆరులోపే పొద్దు వాలిపోతుంది, అయిదుంపావుకి పంటు మీద ఉండాలి. తిరిగి రావడానికి ఆఖరి పంటు ఎన్నింటికో ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకో, లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి.